ప్లగ్గుకి పట్టించిన మసి

ఛీ! బుడ్డిదీపం చూస్తే చాలు, ఇప్పటికీ మొహం తిప్పేసుకుంటాను. మా ఆవిడ సన్యాసమ్మ ఎంత తిట్టినా సరే, ఆ వస్తువు మా ఇంట్లో ఉండటానికి వీల్లేదు.

ఎనభై నాలుగులో మద్దిలపాలెం బస్సు డిపో దగ్గర మా బావ ఎల్లారావుకి, నాకు కలిపి ఒక షెడ్డు ఉండేది. బావంటే మా అక్క మొగుడు. ముందువైపు ఆయన సైలెన్సర్లు అమ్మేవాడు, వెనకవైపు నేను మోటారుసైకిళ్లు బాగుచేసేవాణ్ణి. అప్పట్లో అందరికీ ఒకటే రోగం. బండితో వచ్చిన సైలెన్సర్ శుభ్రంగా పనిచేస్తున్నా సరే, అది పీకించేసి వీధంతా అదిరిపోయేది ఒకటి తగిలించుకోవాలి. ఆ మోత వింటే నాకు ఒళ్లు మండేది. ట్యూనింగ్ చేయించాలా అని ఎవరైనా అడిగితే మా బావది ఒకటే పాట.

"ట్యూనింగూ లేదు, గీనింగూ లేదు. బిగించుకోడం, ఎల్లిపోడం."

శుద్ధ అబద్ధం. పొగ సులువుగా బయటికి పోతే ఇంజను గాలి ఎక్కువ లాగుతుంది. దానికి తగ్గట్టు కార్బురేటర్లో పెట్రోలు వదిలే జెట్టు కాస్త పెద్దది వేసి పెట్రోలు పెంచాలి, లేదంటే ఇంజను లోలోపల కాగిపోతుంది. అది తెలుసుకోవడానికి పెద్ద చదువులేం అక్కర్లేదు, ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు విప్పి చూస్తే చాలు. మొన ఇటుకరంగులో ఉంటే బండి బాగున్నట్టు, తెల్లబడితే పెట్రోలు చాలనట్టు. అర్జునరావు ప్లగ్గు చూసి చెప్పాడంటే ఇక తిరుగులేదని నా గురించి చెప్పుకునేవారు. ఆ పేరు ఒక్కటే నాకున్న ఆస్తి.

నరసింహమూర్తిగారు పోర్టులో గుమాస్తా, కాకినాడవైపు మనిషి. తన బుల్లెట్టుకి మా బావ దగ్గర సైలెన్సర్ వేయించుకుని, వారం తిరక్కుండా నా దగ్గరికి వచ్చారు.

"ఇంజను మరీ కాలిపోతోందండి. యాక్సిలరేటర్ వదిలితే టపటపా పేలుతోంది. రేపు మా ఆవిడ కామేశ్వరికి విజయనగరంలో టైపిస్టు పరీక్షండి. మూడేళ్లనుంచి నేర్చుకుంటోంది. ట్యూనింగ్ కావాలంటే చెప్పండి, హాయిగా బస్సులో పోతాం."

ప్లగ్గు విప్పాను. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. నేను నోరు తెరిచేలోగా మా బావ నా జబ్బ పట్టుకుని వెనక గదిలోకి లాక్కుపోయాడు.

"ఏటి సెప్తావురా ఆయనకి?"

"జెట్టు మార్చాల బావా. మెడ్రాసు నుంచి రావాల, వారం పడతాది. అందాకా బండి తియ్యొద్దని సెప్తాను."

"సెప్పు, సెప్పు! ట్యూనింగు కావాలంట అని ఊరంతా తెలిస్తే రేపట్నుంచి నా సరుకు ఎవుడు కొంతాడు? మీ అక్కని, పిల్లల్ని నీ ఇంటికి తోలీమంటావేటి?"

అంటూనే నా చేతిలో ప్లగ్గు లాక్కుని, బుడ్డిదీపం వెలిగించి, దాని మొనని మంట మీద పెట్టాడు. పట్టిన మసిని నూనె అంటిన బొటనవేలితో కాస్త తుడిచాడు.

"ఇదిగో, రంగొచ్చీసింది. పట్టికెల్లి సూపించు."

థూ! దాన్ని ఆయన మొహాన కొట్టాల్సింది. కొట్టలేదు. అక్క మొగుడు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకుని, బయటికి తీసుకెళ్లి మూర్తిగారికి చూపించాను. బాగానే ఉందండి, పర్లేదు, వెళ్లండి అన్నాను.

"మీరన్నారు, అంతే చాలండి" అని నవ్వుతూ వెళ్లిపోయారాయన.

మర్నాడు విజయనగరం దారిలో, ఆనందపురం ఇంకో మైలు ఉందనగా ఇంజను కాగిపోయి పట్టేసింది. వెనక చక్రం తిరగడం మానేసి, బండి ఇద్దర్నీ రోడ్డు మీద పడేసింది. ఆయనకి మోకాళ్లు చీరుకుపోయాయి. ఆవిడకి కుడి మణికట్టు రెండుచోట్ల విరిగింది. మూడు రోజుల తర్వాత బండిని లారీలో వేసి మా షెడ్డుకే తెచ్చారు.

"స్పీడుగా తోలుంటాడు ఎదవ" అన్నాడు మా బావ, నోట్లో కిళ్లీ నములుతూ. నేను ప్లగ్గు విప్పి జేబులో వేసుకుని మూర్తిగారింటికి వెళ్లాను.

కామేశ్వరిగారు చేతికి కట్టుతో గోడవారగా కూర్చుని ఉంది. మూలనున్న టైపుమిషన్ మీద గుడ్డ కప్పేశారు. మూర్తిగారే కుంటుకుంటూ కాఫీ పెట్టి తెచ్చి నా ముందుంచారు.

"మిమ్మల్ని అనడానికేం లేదండి, మీరు చూసే చెప్పారు. తొందరలో నేనే ఎక్కువ తోలేశాను. దీని మూడేళ్ల కష్టం నా చేతులారా నాశనం చేశాను. మూడు రోజులైంది, నాతో మాట్లాడటం లేదండి."

ఆ కాఫీ చూస్తుంటే నా మీద నాకే అసహ్యం వేసింది. జేబులోంచి ప్లగ్గు తీసి ఆవిడ ముందు పెట్టాను. మసంతా కాలిపోయి మళ్లీ తెల్లగా ఉంది.

"ఆయన తప్పేటీ లేదమ్మా. ఇది ఆ రోజు కూడా ఇలాగే తెల్లగుంది. మా బావ మసి పట్టించినాడు. నాను సూసి కూడా, బాగుందని సెప్పీసినాను."

కామేశ్వరిగారు ప్లగ్గుని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత లేచి, ఎడమచేత్తో నా ముందున్న కాఫీ గ్లాసు తీసుకెళ్లి పెరట్లో పారబోసింది.