కట్టలేరు చుట్టుదారి

ఆ శనివారం పొద్దున ఇంట్లో నలుగురున్నారు. వసారాలో నులకమంచం మీద నాయనమ్మ సుబ్బాయమ్మ, వంటింట్లో తల్లి మాణిక్యమ్మ, దొడ్లో గేదెకు కుడితి పెడుతున్న బాబాయి అంకారావు, గదిలో ట్రంకుపెట్టె ముందు చతికిలబడ్డ సరోజిని.

పెట్టెలో సోషల్ నోట్సు ఉంది. ఉండకూడదు. గురువారం సాయంత్రం దాన్ని తనతో చదివే జ్ఞానమణికి ఇచ్చేసింది కదా! అంటే ఇచ్చింది డైరీ అన్నమాట. రెండింటికీ డెబ్బై నాలుగో సంవత్సరం ఎరువుల క్యాలెండరు చించి అట్టలేసింది తనే. నలుగురిలో డైరీ తీయడానికి సిగ్గు. అందుకే రెండు రోజులు చూసుకోలేదు.

అందులో ఏం రాసిందో పొల్లుపోకుండా గుర్తుంది. "జ్ఞానమణికి నీళ్ళిచ్చే పువ్వుల గ్లాసును అమ్మ లోపలికి రానివ్వదు. బయటి గూట్లోనే ఉంచుతుంది. నువ్వంటే ఇష్టమని నేనే విడిగా దాచానని దానికి అబద్ధం చెప్పాను. నమ్మింది."

జ్ఞానమణి ఇల్లు కట్టలేటికి అవతలి ఒడ్డునే. రోజూ చప్టా దాటి వచ్చి, వసారా ముందు ఆగి నీళ్ళు తాగి, సరోజినితో కలిసి తిరువూరు హైస్కూలుకు నడుస్తుంది. గురువారం రాత్రి వానకి చప్టా మునిగింది. దాటాలంటే ఒడ్డు వెంట అడవిలో పైకి నడిచి, ఏరు బండల మీద పలచగా పారే చోట దిగి, అవతలి ఒడ్డు వెంట మళ్ళీ కిందికి రావాలి. పూట నడక.

"కుట్లు నేర్చుకోడానికి వెళ్తున్నా నాయనమ్మా."

"ఇంత వానలో కుట్లేంటే? పొద్దుగూకేలోగా రా."

నల్లరేగడి బురద అరికాళ్ళకి దిబ్బరొట్టెల్లా అంటుకుంటోంది. చెప్పులు చేత పట్టుకుంది. మోదుగలు, టేకులు, మళ్ళీ మోదుగలు. జ్ఞానమణి వేలు పెట్టి మెల్లగా చదువుతుంది. ఈ పొద్దునే తెరిచి ఉంటే ఈ మలుపుకి పదో పేజీలో ఉంటుంది. ఆ మలుపుకి పదిహేనులో. గ్లాసు సంగతి ఇరవైలో ఉంది. సరోజిని పరుగెత్తింది. ఆయాసపడి వెనక్కి చూస్తే జ్ఞానమణి వాళ్ళ చింతచెట్టు ఇంకా అక్కడే కనిపిస్తోంది. ఏరు మెలికలు తిరుగుతూ తనని ఉన్నచోటే తిప్పుతున్నట్టుంది.

బండల దగ్గర జ్ఞానమణి నానమ్మ హన్నమ్మ ఈతమట్టలు కోస్తోంది.

"ఎవరదీ, సరోజినమ్మా! ఒక్కదానివే ఏంటి తల్లీ అడివిలో? పెళ్ళిచూపులని పారిపోయొచ్చావా?"

"జ్ఞానానికి నోట్సు ఇవ్వాలి హన్నమ్మా."

"ఇంకో పుస్తకమా! నిన్నట్నించీ ఉన్నదాన్నే వదల్లేదు. అన్నానికి పిలిస్తే పలకదు. కలెక్టరయ్యేట్టుంది."

సరోజిని లంగా ఎత్తిపట్టుకుని నీళ్ళలోకి దిగబోయింది.

"చెయ్యి పట్టుకో, పాచి ఉంది. పట్టుకో తల్లీ, ఇక్కడ మీ నాయనమ్మ లేదులే."

నీళ్ళు మోకాళ్ళని తోస్తున్నాయి. హన్నమ్మ నడుస్తూనే అంది: "దానికి పువ్వుల గ్లాసు దాచావంటగా. మా వాడలో అది చెప్పని గడప లేదు. వినలేక నా చెవులు చిల్లులు పడ్డాయి."

"నువ్వేమన్నావు?"

"నేనేమంటాను? ఆ గూళ్ళు నేను చూడనివా? పిల్ల ముచ్చట, నేనెందుకు చెడగొట్టాలి?"

ఆ తర్వాత దారంతా సరోజిని తలెత్తలేదు.

మధ్యాహ్నం దాటాక ఇల్లు చేరారు. జ్ఞానమణి గుమ్మంలోకి వచ్చింది. చేతిలో డైరీ. సరోజిని సోషల్ నోట్సు అందించి డైరీ తీసుకుంది.

"చదివావా?"

"చదివాను."

"అమ్మకి ఎదురు చెప్పలేక..."

"అదీ రాశావుగా."

హన్నమ్మ మోపు దించుతూ, "నడిచి నడిచి వచ్చింది, ముందు నీళ్ళివ్వవే," అంది.

"మనింట్లో విడి గ్లాసు లేదు నానమ్మా."

"నువ్వు తాగేదాంట్లోనే ఇవ్వు," అంది సరోజిని. "తాగుతాను."

"ఇక్కడ తాగుతారు అమ్మాయిగారూ. ఇక్కడ ఎవరు చూస్తారు?" అంది జ్ఞానమణి.

అవతలి ఒడ్డున తమ వంటింటి పొగ లేస్తోంది. సోమవారం రా, మా వంటింట్లో కూర్చుని మా గ్లాసులో తాగుదువుగాని అనాలని సరోజిని నోరు తెరిచింది. అమ్మ ముఖం కళ్ళముందు మెదిలింది. తెరిచిన నోరు మూసి డైరీని చంకలో పెట్టుకుంది.

జ్ఞానమణి కాసేపు ఎదురుచూసింది. తర్వాత, "చీకటి పడకముందే బండలు దాటించిరా నానమ్మా," అని తలుపు మూసింది.