ప్రేమదాసు చెప్పిన సాక్ష్యం

కృపాజ్యోతి లా మూడో ఏడు చదువుతూ, సెలవుల్లో నందిగామలో ఓ ప్లీడరు గారి దగ్గర ఫైళ్ళు మోస్తూ, ఏడాదిన్నర కాళ్ళరిగేలా తిరిగింది. ఎందుకంటారా? జగ్గయ్యపేట అవతల వాళ్ళ నాన్న ప్రేమదాసుకి గవర్నమెంటు ఇచ్చిన ఎకరం ముప్పై సెంట్లు లీజుకి తీసుకుని, సున్నపురాయంతా తవ్వుకుపోయారు క్వారీ వాళ్ళు. పనయ్యాక గుంట పూడ్చి, పైమట్టి తోలి, మళ్ళీ చేను చేసిస్తామని కాగితం కూడా రాసిచ్చారు. పనైపోయింది, మాట గాలికి పోయింది. పిల్ల ట్రిబ్యునల్లో కేసేసింది. తనిఖీకి ఓ ఆఫీసరు వచ్చాడు.

నీళ్ళు నిండిన గుంట గట్టు మీద నిలబడి కృపాజ్యోతి గడగడా చెప్పింది. కాగితం చూపించింది, క్వారీ తవ్వాక ఎండిపోయిన వాగు చూపించింది. ఆఫీసరు రాసుకుంటుంటే ఆ పిల్లకి ప్రాణం లేచొచ్చింది.

అప్పుడు క్వారీ మేనేజరు, మహా మర్యాదస్తుడు లెండి, ఓ ఫొటో తీసి ప్రేమదాసు చేతిలో పెట్టాడు. "నీళ్ళలో ఈ అమ్మాయి ఎవరండీ దాసుగారూ?" తడిగుడ్డతో గొంతు కొయ్యడమంటే ఇదే!

కృపాజ్యోతి అడ్డొచ్చింది. "నాన్నా, నువ్వుండు" అంటూనే ఉంది.

"మా అమ్మాయేనండి!" ప్రేమదాసు మొహం చేటంతయింది. "మొన్న ఈస్టరుకి ఇక్కడే బాప్తిస్మం తీసుకుంది. మా పేటంతా ఇక్కడేనండి. ఇదివరకు పాస్టరుగారు వాగులో ఇచ్చేవారు. వాగెండిపోయాక మాకీ నీళ్ళే దిక్కు."

ఆ వాగు ఎండబెట్టిందెవరయ్యా అని అడిగే నాథుడేడీ! గుంట చెరువైంది, జనం వాడుకుంటున్నారు, పూడ్చనక్కర్లేదు అని రాసేశాడు ఆఫీసరు. పిల్ల ఎంత మొత్తుకున్నా, "మీ నాన్నగారే చెప్పారు కదమ్మా" అన్నాడు.

ఆ నీళ్ళలో మునిగిన రోజు కృపాజ్యోతికి దేవుడే గుర్తున్నాడు, కేసు గుర్తు లేదు. ఇప్పుడు నాన్న మీద ఒళ్ళు మండింది. మండినందుకు సిగ్గేసింది.

జీపెక్కుతున్న ఆఫీసరుకి ప్రేమదాసు చేతులు జోడించాడు. "అయ్యా, మరి మట్టెప్పుడు తోలిస్తారండి? తొలకరికల్లా అయితే కంది వేసుకుంటా."

"మీ అమ్మాయి చెబుతుంది" అని తలుపేసుకున్నాడాయన.

ప్రేమదాసు కూతురివైపు తిరిగాడు. "ఎప్పుడంటమ్మా?"

"ఇంక తోలరు నాన్నా."

"అదేంటమ్మా? నేను అబద్ధమేం చెప్పలేదే!"

"లేదు నాన్నా" అంది కృపాజ్యోతి ఏడుస్తూ. "నువ్వు అబద్ధం చెప్పలేదు."