షుగరేనండీ, ఇంకేం లేదు

అన్నంలో రాయి తగిలినా మా ఆయన కంచం ముందు నుంచి లేచిపోలేదు. ఆ రోజే నాకు అనుమానం వచ్చింది. ఇంకో రోజయితే "కళ్లు ఎక్కడ పెట్టి ఏరినావు, ఫోన్లోనా?" అని వీధి చివరి వరకూ వినపడేటట్టు అరిచి, చెయ్యి కడుక్కుని దుకాణంలోకి వెళ్లిపోయేవాడు. ఆ రోజు రాయిని వేలితో తీసి పక్కన పెట్టి, "పర్లేదులే కామేశ్వరీ, కూచో, నువ్వు గూడా తిను" అన్నాడు. పెళ్లయినప్పటి నుంచి ఏమే, ఇదిగో, యాడ చచ్చినావు తప్ప ఎరగనిదాన్ని. ఇంకో కామేశ్వరి ఎవరైనా వచ్చిందేమోనని వెనక్కి తిరిగి చూశాను.

అంతకు ముందు ఎండాకాలంలో నాకు కడుపులో కుడి పక్కన నొప్పి మొదలైంది. పదేళ్ల నుంచి షుగర్ ఉంది కాబట్టి ఇదీ దాని పనే అనుకున్నాం. మార్కాపురం డాక్టరు గుంటూరు పొమ్మన్నాడు. అక్కడ స్కానింగులూ రక్తపరీక్షలూ అయ్యాక మా ఆయన ఒక్కడే డాక్టరుతో మాట్లాడి వచ్చి, "లివర్ కొంచెం వాచిందంట, మందులు వాడితే పోతది" అన్నాడు. ఫైలు మాత్రం ఇంటికి రాలేదు, దుకాణంలో గల్లాపెట్టె కిందికి పోయింది. అప్పటి నుంచి ఇంట్లో ఏదో మారింది. కాఫీ అందేదాకా మంచం దిగని మా అత్తయ్య రామతులసమ్మ కూడా, "నువ్వు నిలబడబాకమ్మా, కూచోని ఏరు కందిపప్పు" అనడం మొదలుపెట్టింది. పనులేవీ తగ్గలేదు, పని చెప్పే గొంతు మాత్రం మెత్తబడింది. మెత్తటి గొంతు మా ఇంట్లో ఎవరికీ ఊరికే రాదు. బాకీ వసూలుకు పోయేటప్పుడు వస్తుంది, లేదంటే ఎవరైనా చావుబతుకుల్లో ఉన్నప్పుడు వస్తుంది.

రెండోసారి గుంటూరు పోయినప్పుడు రక్తం ఇచ్చే వరసలో నిలబడ్డాను. ఆయన టీకి వెళ్లాడు. నా ముందు వెలిగండ్ల వైపు నుంచి వచ్చిన చెంచమ్మ అనే ఆమె ఉంది. గొర్రెలున్న వాళ్లట. చేతికి దూది అదుముకుంటూ నా వైపు తిరిగి, "నీకు గూడా లివర్ క్యాన్సరేనా అక్కా?" అని అడిగింది. ఏ ఊరు అని అడిగినట్టే అడిగింది. "ఈ వరసంతా అదే. నాకు చెప్పినారు, మా ఆయనకు చెప్పినారు. నేను పోయి ఊరందరికీ చెప్పినా. దాచేదేముంది, దొంగతనం చేసినామా?"

"అవును చెల్లే" అన్నాను. ఎప్పుడో తెలిసినదానిలాగా అన్నాను. గోడకు ఆనుకున్నాను. భయమేసింది. దానికంటే ముందు కోపం వచ్చింది. వెలిగండ్ల నుంచి వచ్చిన చెంచమ్మకు తన ఒంటి సంగతి తెలుసు, నాకు నా ఒంటి సంగతి తెలియదు. ఆయన చక్కెర లేని టీ తెచ్చి ఇస్తూ, "ఏమంటాది ఆ యమ్మ?" అన్నాడు. "గొర్రెల సంగతి" అన్నాను.

నాకెందుకు చెప్పలేదో కూడా తెలిసిపోయింది. మా దుకాణం వెనకే ఇల్లు, మధ్యలో సరుకుల గది. ఒక మధ్యాహ్నం కందిపప్పు తీసుకుందామని వెళితే, మూటల అవతల అత్తయ్య గొంతు వినిపించింది. "చెప్తే ఇప్పుడే మంచమెక్కుతాదిరా. ఇంట్లో ఎవరు చేస్తారు? తెలీనన్నాళ్లు లేచి తిరగతాది."

"అట్లనేలే అమ్మా. చెప్తే తట్టుకోలేదు గూడా" అన్నాడు మా ఆయన. పప్పు డబ్బాలో పోసుకుని వంటింట్లోకి వచ్చేశాను. తట్టుకోలేనిది నేనా, నేను లేని ఈ వంటిల్లా? ఆ పూట సాంబారులో ఉప్పు వేశానో లేదో గుర్తులేదు. ఎవరూ ఏమీ అనలేదు.

తర్వాత కన్ను పేచీ మొదలుపెట్టింది. ఎడమ కంటికి తలుపు చట్రం వంగినట్టు కనపడేది. ఒక మూల నల్లటి మరక, ఎంత తుడుచుకున్నా పోదు. వారం తిరక్కుండానే ఆ మరక పెద్దదైంది. ఆయన నన్ను మార్కాపురంలోనే కంటి డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్లాడు. ఆమె నా వైపే చూస్తూ, "షుగర్ కాకుండా ఇంకేమైనా జబ్బులున్నాయా అమ్మా?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపు ఆయన అందుకున్నాడు. "షుగరేనండీ, ఇంకేం లేదు."

అంత గబుక్కున దుకాణంలో గిరాకీకి జవాబు చెప్పగా నేనెప్పుడూ చూడలేదు. కంటికీ లివర్‌కీ సంబంధం లేకపోతే చెప్పేయొచ్చు కదా, ఎందుకు దాచినట్టు? నేను పక్కనే ఉన్నాను కాబట్టి. నాకు తెలియకూడదు కాబట్టి డాక్టరమ్మకు కూడా తెలియకూడదు. ఆమె షుగర్ వల్ల కంట్లో నీరు చేరిందని కంటికి సూది వేసి, చుక్కలు రాసింది.

కన్ను తగ్గలేదు. అత్తయ్య బెల్లం డబ్బా అటక మీద పెట్టించి, "దొంగచాటుగా తింటా ఉంటే కళ్లు పోకేం చేస్తాయి?" అంది. నేను పొద్దున్నే వేలికి గుచ్చుకుని మిషన్లో చూసుకుంటే షుగర్ బుద్ధిగా అదుపులోనే ఉంది. షుగర్ అదుపులో ఉంటే కన్ను ఎందుకు పోతోంది? నాకు డాక్టరు చదువు లేదు. కానీ ఇల్లంతా ఒక్కసారి ఒకే మాట మీద నిలబడిందంటే అది అబద్ధమేనని ఇన్నేళ్ల కాపురంలో తెలుసుకున్నాను. ఒకనాడు అడిగాను. "ఏమండీ, లివర్ వాపు సంగతి కంటి డాక్టరమ్మకు చెప్పాల్సిందేమో."

"కంటికీ కడుపుకీ ఏం సంబంధమే? అన్నీ చెప్తే బెదరగొట్టి ఊర్లన్నీ తిప్పుతారు" అన్నాడు. చూపు మాత్రం క్యాలెండరు మీద ఉంది.

రెండోసారి వెళ్లినప్పుడు డాక్టరమ్మ నా కంట్లోకి లైటు వేసి చూసి, "ఈ పాటికి కొంచెమైనా తగ్గాలే" అని తనలో తను అనుకుంది. "నిజంగా ఇంకేం జబ్బు లేదా?" అంది. ఈసారి నా వైపు చూడలేదు, ఆయన వైపే చూసింది.

"షుగరేనండీ..." అని ఆయన మొదలుపెట్టాడు.

"నాకు లివర్ క్యాన్సర్ ఉందమ్మా" అన్నాను. "గుంటూరులో చెప్పినారు. నాకు కాదు, ఈయనకు."

మా ఆయన మొహం పాలిపోయింది. "నీకెవరు చెప్పినారు?" అన్నాడు. ఆ గొంతు, గల్లాపెట్టె తాళం నా కొంగున కనపడితే పలికినట్టుంది.

డాక్టరమ్మ లైటు కింద పెట్టేసింది. ఆయన మీద కోపం ఆపుకుంటోందని తెలుస్తూనే ఉంది. "లివర్ క్యాన్సర్ కంటికి పాకడం చాలా అరుదు" అంది. "కానీ పాకుతుంది. షుగరూ అదీ కలిసి ఉన్నవాళ్లలో ఎవరి కంటికి పాకే ప్రమాదం ఉందో రక్తపరీక్షలు చూసి ముందే అంచనా వెయ్యడానికి డాక్టర్లు ఇప్పుడు ప్రయత్నిస్తున్నారు. జబ్బు పేరే దాచేస్తే ఎవరు అంచనా వేస్తారండీ? షుగర్ అని మీరు చెప్పారు, నేను షుగర్ కోసమే చూశాను."

"ఆమె భయపడతాదని..." అన్నాడు ఆయన.

ఆమె వినిపించుకోలేదు. మళ్లీ చుక్కలు వేయించింది. కంటికి స్కాన్ తీసింది. ఈసారి చాలాసేపు చూసింది, మధ్యలో ఒకసారి ఊపిరి బిగబట్టింది కూడా. నాకు అర్థమైంది. మిషను మీద నుంచి గడ్డం తీశాను. ఏమున్నా సరే, ఈ ఒక్కసారి ముందు నేనే వినాలనిపించింది.

ఆమె కాగితాలు సర్దుకుని, డాక్టర్లకు పాత అలవాటే అయి ఉంటుంది, మా ఆయన వైపు తిరిగింది. "మీరు నాతో ఒకసారి లోపలికి రండి. అమ్మను కాసేపు బయట కూర్చోమనండి."

ఆయన అప్పటికే లేచాడు. నేను లోపలి గది తలుపు దగ్గరకు నడిచి, గడప మీద నిలబడి వెనక్కి తిరిగాను.

"నేనే వస్తా డాక్టరమ్మా" అన్నాను. "బయట ఆయన్ని కూర్చోమనండి."