కట్టుగుడ్డకు సుంకం

కూతురు షిఫ్టు దిగే వేళకు లూర్దు మేరీ రోజూ బట్టల ఎగుమతి కంపెనీ ఉన్న జోను గేటు ముందుండేది. అనకాపల్లిలో ఇంట్లో కూర్చుంటే అన్నీ పాడు ఆలోచనలే. బస్సు బోల్తా పడిందేమో, మిషను దగ్గర పిల్ల సొమ్మసిల్లిందేమో. ఆ రోజు సుజి కళ్ళెదుటే కనిపించింది. గేటులో గార్డు ఆమె వేలి కట్టు విప్పుతున్నాడు.

కుడుతుంటే సూది దిగిన వేలు. చేతికందిన గుడ్డముక్క చుట్టుకుంది. అది లాగగానే నెత్తురు జారింది.

"ఏటి బాబూ, మీ ఇంట ఆడపిల్లల్లేరేటి?" అంది మేరీ.

"ఫారిన్ గుడ్డమ్మా. సుంకం లేకుండా వచ్చిన సరుకు. గేటు దాటితే దొంగతనమే."

సూపర్‌వైజరు కాగితం తెచ్చాడు. "మీ పిల్ల చేత సంతకం పెట్టించమ్మా. కేసుండదు."

సుజి పెన్ను అందుకోబోయింది. మేరీ కాగితం లాక్కుంది. ఏడో తరగతి చదువు, వేలు పెట్టి కూడబలుక్కుంటూ పైకే చదివింది: "దొంగతనం చేసినట్టు ఒప్పుకుంటూ, నా ఇష్టపూర్తిగా పని మానుకుంటున్నాను."

వెనక షిఫ్టు దిగి నిలబడ్డ ఆడపిల్లలు ఒక్కసారిగా గోల పెట్టారు. "మా సేత ఉత్త తెల్లకాయితాల మీదే పెట్టించేరు పిన్నీ!" అంది చిట్టి.

యూనియన్ ఎల్లారావు ముందుకొచ్చాడు. మేరీ అతన్నీ నమ్మలేదు. "నువ్వెవులి మనిషివి? ఎగదోసి జారుకుంటావా?"

"అనుమానం మంచిదే అప్పా. నేల మనది, నీళ్ళు మనయి. కంపెనీకి పన్నుండదు. లేబరాఫీసరైనా అడిగే లోపలికెళ్ళాల. గేటు దాటితే వేరే దేశం లెక్క."

"మా వలలారేసిన దిబ్బే ఆ దేశం," అంది చేపలమ్మే దేముడమ్మ. "నేల తీసుకున్నప్పుడు ఉజ్జోగం ఇత్తామన్నారు. ఇచ్చేరు, గేటు బయట సేపలమ్ముకోమని!" అంటూ ఓడరేవుకు బయల్దేరిన కంటైనరు లారీ ముందు గంప దించి కూలబడింది. దిగిన షిఫ్టు ఆమె పక్కన కూర్చుంది. ఎక్కాల్సిన షిఫ్టు ఆగిపోయింది.

మేనేజరు గేటు సందులోంచి పిలిచాడు. "కాగితం తీసుకుని ఒక్కరు లోపలికి రండి. మాట్లాడుకుందాం."

"ఒక్కరెందుకు? ఏరే దేశంలో ఏటవుద్దో ఎవులికి తెలుసు? నువ్వే బయటికి రా!" అంది మేరీ. కాగితాన్ని మడిచి జాకెట్లో దోపుకుంది. ఇచ్చేస్తే ఇంకో ముక్క రాసేయరూ?

మేనేజరు రాలేదు. పోలీసు వ్యాను వచ్చింది. ఆడ కానిస్టేబులు మేరీ రెక్క పట్టుకుంది. ఏసయ్యా, ఇక ఇంటి మొహం చూస్తానా!

"అమ్మా, సంతకం పెట్టేత్తాను. నిన్నొదిలెయ్యమంటాను!" సుజి ఏడుస్తోంది.

"పెట్టేవంటే సంపేత్తాను!"

ఎస్సై అరిచాడు. "ఎవరే మీ లీడరు?"

"నానే," అంది చిట్టి, వ్యాను మెట్టెక్కుతూ. "జరగండి, నానూ," అంది ఇంకొకతె. ఎల్లారావును వెనక్కి నెట్టి మరో పదిమంది ఎక్కారు. వ్యాను నిండింది, ఎక్కేవాళ్ళు ఆగలేదు. కంటైనరు డ్రైవరు హారను కొడుతున్నాడు, ముందు దేముడమ్మ లేవదు.

లోపల షిఫ్టు సైరను మోగింది. గేటు వైపు ఒక్క కాలూ కదలలేదు.