గూటం పిన్ని కంచె

గుంజ సరిగా దిగిందో లేదో గూటం పిన్ని చూడక్కర్లేదు, చప్పుడే చెబుతుంది. పొడి ఇసుకలో దిగుతున్నంతసేపూ డొల్లగా మోగి, తడి ఇసుక తగలగానే గొంతు మారుస్తుంది. ఆపైన మరో రెండు దెబ్బలు. తరువాత గుంజను రెండు చేతులా పట్టుకుని, తగాదాకొచ్చిన మనిషిని కుదిపినట్టు కుదిపి, అది కదలకపోతే తరువాతి దాని దగ్గరికి నడుస్తుంది.

కురచ మనిషి. ఎండకు కమిలిన మెడ, ఎడమదానికన్నా కాస్త దిగిన కుడి భుజం. అరచేతుల్లో కాయలు ఎంతగా కాశాయంటే, ఆమె గాజు గ్లాసు పట్టుకుంటే గీరిన చప్పుడు వస్తుందని కూతురు వేళాకోళం చేస్తుంది. గూటం అంటే చేతిలోని ఆ కొయ్య సుత్తి. అది లేకుండా ఆమె ఎవరికీ కనపడలేదు కనుక ఊరంతా ఆ పేరే ఖాయం చేసింది.

ఆమె కంచె కట్టేది ఒక దీవి మీద. దీవి అంటే ఏదో అనుకునేరు. సముద్రానికీ ఊరికీ నడుమ అడ్డంగా పడుకున్న పొడవాటి ఇసుకమేట, అంతే. కానీ అలలు వచ్చి తల బాదుకునేది దీనికే. దీని వెనక నీళ్ళు నెమ్మదిగా ఉంటాయి, ఆ నీళ్ళ వెనక ఊరు నిశ్చింతగా నిద్రపోతుంది. గాలి వీచినప్పుడల్లా ఇక్కడి ఇసుక లేచిపోతుంది. దాన్ని పట్టి ఆపడానికే సర్కారు ఆఫీసు కూలికిచ్చి కట్టించే ఈ కంచె: వరసగా గుంజలు, వాటి మధ్య ఎండు కంప. కంపను పలచగా అల్లాలి. ఇంటి కంచెలా బిగిస్తే గాలి దానికి కొట్టుకుని అడుగున ఇసుకను తవ్వేస్తుంది. కొత్తలో అందరూ చేసే తప్పే, ఆమె మొగుడూ చేశాడు. “పెళ్ళాన్ని దాచుకునేవాడిలా అల్లావేంటయ్యా!” అని ఆమె నవ్విన నవ్వు ఆయన పోయేదాకా ఆయన్ని వదల్లేదు. కంచె ఇసుకలో పూర్తిగా మునిగితే ఇక్కడ పోయింది అనరు, నిండింది అంటారు. దాని నెత్తిన ఇంకొకటి కడతారు. ఆయన అల్లినవన్నీ ఇప్పుడు ఆమె కాళ్ళ కిందే ఉన్నాయి.

పోయిన తుఫానుకి దిబ్బ ఒకచోట కుంగి పల్లమైంది. అందులోంచి చూస్తే అవతలి ఒడ్డున కూతురి డాబా మీది నీలం నీళ్ళ ట్యాంకు కనిపిస్తోంది. ఇక్కడినుంచి అది కనిపించిందంటే సముద్రానికీ కనిపిస్తున్నట్టే. వానలు దిగేలోగా ఆ పల్లానికి అడ్డం కట్టాలి, ఆమె గొడవంతా అదే. పొద్దుటినుంచి ఎడమ చెయ్యి లాగుతోంది. కంప మోసినందుకే అనుకుని ఆ చేతినే తిట్టింది.

ఎండ తగ్గాక పడవ వచ్చింది. నడిపేది ఆమె మరిది. దిగుతూనే నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

“వదినా! పొద్దున చిలక్కి చెప్పినట్టు చెప్పి వెళ్ళానుగా. ఆఫీసువాళ్ళు దీవిని వదిలేశారు, ఇవాళ్టితో పని ఆఖరు, గుంజలన్నీ పీకి తెమ్మన్నారు అని. పీకమంటే కొత్తవి పాతుతున్నావేంటి?”

“చెవులకి వినపడింది. చేతులే వినట్లేదు.”

“నన్ను తిడతారు.”

“తిట్టనీ. మీ అన్న తిట్లు తిని పెరిగినవాడివి, నీకో లెక్కా?”

“దీవి ఎటూ పోతుందంటున్నారు వదినా.”

“నేనూ ఎటూ పోయేదాన్నే. అలాగని ఇవాళ అన్నం మానేశానా? పోయేదాకా నిలబడనీ దాన్ని. నా చేత్తో కట్టింది నేను పీకను, నిన్నూ పీకనివ్వను.”

ఆయన తల వంచుకున్నాడు. దీవి అవతలి కొసన అప్పటికే కొన్ని పీకి పడవలో వేసుకున్నాడు. ఆమె అది చూసింది. ఇటు తెమ్మని చెయ్యి చాపింది. కాసేపు గొణిగాడు, కాసేపు సముద్రం కేసి చూశాడు, ఆఖరికి ఆ గుంజలనే భుజాన వేసుకుని వచ్చాడు.

“నీతో పెట్టుకోవడం నాదే బుద్ధితక్కువ.”

“ఇన్నాళ్ళకి తెలిసిందా? పట్టుకో, వంకర పోతోంది.”

పొద్దు వాలేసరికి పల్లం పొడవునా కంచె నిలబడింది. కంప సందుల్లోంచి నీలం ట్యాంకు ముక్కలు ముక్కలుగా కనిపించింది. ఆమె దానికేసి చూసి, “ఇంకో వరస పడితే అదీ కనపడదు” అంది. ఆ మాట అన్నప్పుడు ఆమెకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేం.

ఊరివైపు వీపు పెట్టి, దీవికి ఎదురుగా పడవలో కూర్చుంది.

“గూటం మరిచిపోయావు వదినా.”

“మరిచిపోలేదు. రేపు పని ఉంది.”

“రేపేంటి? ఇవాళే ఆఖరని చెప్పానుగా!”

“ఆఖరు వాళ్ళకి.”

సగం దూరం వచ్చాక ఆయన ఏదో హాస్యమాడాడు. ఎదురు మాట రాలేదు. వదిన మాటకు మాట అనకపోవడం ఆయన ఎరగడు. ఇంజను ఆపాడు. “వదినా” అన్నాడు. దగ్గరికి వెళ్ళి చెయ్యి పట్టుకుని మళ్ళీ అన్నాడు. కాయలు కాచిన ఆ అరచేతిలో ముఖం పెట్టుకుని, నీళ్ళ మధ్య, పసివాడిలా ఏడ్చాడు.

కర్మలన్నీ అయ్యాక ఆఫీసునుంచి మనిషి వచ్చి గుంజల సంగతి అడిగాడు. జీవితంలో ఎవరికీ ఎదురు చెప్పని మరిది లేచి నిలబడి, “కావాలంటే మీరే వెళ్ళి పీక్కోండి. పడవ మాత్రం నేను నడపను” అన్నాడు.

మర్నాడు కంప మోపు వేసుకుని ఒక్కడే వెళ్ళాడు. ఆఖరి గుంజ మొదలు దగ్గర గూటం ఆమె పడేసినట్టే పడి ఉంది, దాని వెనక గాలి తగలని వైపు అప్పుడే దోసెడు ఇసుక చేరింది.