నాలుక మీది చేదు

జగ్గయ్యపేటలో మాది బెల్లం కొట్టు. మావారు వెంకటకృష్ణారావు గారు దిమ్మ అంచు గిల్లి నాలుక మీద వేసుకుని, కళ్లు మూసుకునేవారు. ఉప్పు నేల చెరుకైతే ఇట్టే పట్టేసేవారు. ఆ నాలుకని నమ్మి వత్సవాయి నుంచి కూడా మా కొట్టుకి వచ్చేవాళ్లు.

తొంభై ఆరులో ఆయనకి షుగర్ వచ్చింది. బెల్లం రుచి చూసి ఉమ్మెయ్యమన్నారు నందిగామ డాక్టరుగారు. టీలోకి సాకరిన్ మాత్రలు ఇచ్చారు. బియ్యపుగింజంత మాత్రకి గ్లాసంతా తీపి.

"వాటితో క్యాన్సర్ వస్తదంట అక్కా," అంది పక్కింటి రజియాబీ. అప్పట్నుంచి ఆ డబ్బా మూత తీయాలంటే నాకు భయం.

ఒకరోజు ఉయ్యూరు నుంచి రత్తయ్య బెల్లం తెచ్చాడు. ఏళ్లుగా మాకు సరుకు వేసేవాడే. ఈయన టీ గ్లాసు కింద పెట్టి, ముక్క గిల్లి నోట్లో వేసుకున్నారు.

"చేదుగా ఉంది. తీసుకుపో."

"నా బెల్లం చేదా శెట్టిగారూ? పొద్దున్నే వేపకాయలు గానీ తిన్నారా?"

కొట్లో వాళ్లు నవ్వారు. రత్తయ్య మాత్రం నవ్వలేదు. దింపిన దిమ్మలు మళ్లీ ఎక్కించుకుని వెళ్లిపోయాడు. కింద రాలిన ముక్క నేను నోట్లో వేసుకున్నా.

"ఏమండీ, తియ్యగానే ఉందే."

"నాలుక పోతే ఇంక నేనెందుకు ఈ కొట్లో," అన్నారు.

మర్నాడు బస్సు హడావుడిలో టీ కూడా తాగకుండా నందిగామ వెళ్లాం. నేను ముందు క్యాన్సర్ సంగతే అడిగా.

"చెప్పినన్నే వేసుకుంటే భయం లేదమ్మా. ఎప్పుడో ఎలుకలకి బోలెడంత పెట్టి చూశారు, ఆ మాట ఇంకా తిరుగుతోంది. కాకపోతే ఆ మాత్రతో కొందరికి నోట్లో చేదు మిగులుతుంది," అన్నారు డాక్టరుగారు.

బయటికొస్తే, బజారులో ఇంకో కొట్టు ముందు రత్తయ్య అదే బెల్లం దింపుతున్నాడు. ఈయన నేరుగా వెళ్లి ముక్క గిల్లి, కళ్లు మూసుకున్నారు.

"చేదు నా నోట్లోది రత్తయ్యా. నీ బెల్లానిది కాదు," అన్నారు అందరూ వింటుండగానే.

రత్తయ్య కండువాతో మొహం తుడుచుకున్నాడు. "ఇది వీళ్లకి ఒప్పుకున్నా. వచ్చే లోడు మీకే."

ఆ రోజు నుంచి ఆయనది ఉత్త టీ. మొదట్లో కషాయం మింగినట్టు మొహం పెట్టేవారు.

"మాత్రలు మంచివేనన్నారుగా," అనేదాన్ని.

"మంచివే. నా పనికి పనికిరావు."

తోడుగా నేనూ పంచదార మానేశా. ఆయన పోయాక ఇప్పుడు రుచి చూసేది నేనే. రత్తయ్య దిమ్మ ముందు పెట్టి, ప్రతిసారీ అదే అడుగుతాడు.

"టీలో ఏం వేసుకున్నారమ్మా ఇవాళ?"

"ఏం వేసుకోలేదులే, ఇటియ్యి," అని ముక్క నోట్లో వేసుకుని కళ్లు మూసుకుంటా.