తొంభై శాతం నిండాలె

మా జైల్ల ఆడోళ్ల బ్యారక్‌ల నలభై మంది పడతరు. ఆ వారం పదకొండు మందే ఉన్నరు. వార్డర్‌ను కాబట్టి నేను సంతోషపడ్డ. కంపెనీ నుంచి వచ్చిన అనిల్‌కుమార్ సార్ మాత్రం సావుకొచ్చినట్టు మొహం పెట్టిండు.

"ఇంత ఖాళీగానా?" అన్నడు.

రాష్ట్రంల జైళ్లన్నీ ప్రైవేటుకు ఇద్దామా అని సర్కారు ఆలోచన చేస్తున్నది. దానికే ఈయన చూసిపోనీకి వచ్చిండు. మా జైలర్ రాజేందర్ సార్ చేతులు కట్టుకొని, ఈ మధ్య జనం నేరాలు తక్కువ చేస్తున్నరని మాఫీ అడిగినట్టు చెప్పిండు.

"ఒప్పందంలో తొంభై శాతం నిండాలని ఉంటుంది మేడమ్," అని అనిల్‌కుమార్ నాకు ఓపికగ చెప్పిండు. "నిండకపోతే ఖాళీ మంచాలకు ప్రభుత్వమే కిరాయి కట్టాలి."

"మరి మనుషులు మంచిగైతే సార్?"

"అది రిస్కు."

ఇంటికి పోయి బాపుకు చెప్పిన. మా బాపు గంగన్న బోధన్ చక్కెర ఫ్యాక్టరీల ఇరవై ఏండ్లు చెరుకు ఆడించిండు. ప్రైవేటు చేతికి పోయినంక కొన్నేండ్లకు అది మూతబడ్డది.

"నడిపితే లాభం లేదని ఫ్యాక్టరీకి తాళమేసిండ్రు. తీస్తే లాభం లేదని జైలు తాళం తియ్యరు బిడ్డా," అన్నడు. "అడ్డం పడు."

బుధవారం లక్ష్మవ్వకు బెయిల్ కాయితం వచ్చింది. వర్ని దిక్కు ముసలామె. కాలువ నీళ్ల కొట్లాటల పక్కింటాయన తల పగులగొట్టి వచ్చింది. కాయితం చూసి చీర సంచి సదురుకున్నది.

అనిల్‌కుమార్ అడ్డమొచ్చిండు. "రెండు రోజులు ఆగలేరా? శుక్రవారం హైదరాబాద్ నుంచి జైళ్ల శాఖ పెద్దసార్ వస్తున్నారు. బ్యారక్ కాస్త నిండుగా కనపడాలి."

"శనివారం పంపుదాం తియ్యి ప్రిస్కిల్లా," అన్నడు జైలర్ నాతోని. "ఇంట్ల ఆమెకేం పనుంది?"

లక్ష్మవ్వ విన్నది. "నన్ను సూడనీకొస్తుండ్రా? నేనేమన్న పెండ్లిపిల్లనా సారూ?"

నేను గేటు రిజిస్టర్ తీసి రాసుకుంట బయటికి చదివిన: "బెయిల్ వచ్చింది. బ్యారక్ నిండుగ కనబడాలని లక్ష్మవ్వను ఆపినం." కలం జైలర్ ముందట పెట్టిన. "సంతకం పెట్టుండ్రి సార్."

"పిచ్చి లేసిందా నీకు?"

ఆయన అనిల్‌కుమార్ దిక్కు చూసిండు. అనిల్‌కుమార్ ఫోన్ దిక్కు చూసిండు. ఆఖరికి విడుదల కాయితం మీదనే సంతకం పడ్డది. లక్ష్మవ్వ గేటు దాటి, ఎనకకు తిరిగి చూడకుండ ఆటో ఎక్కింది.

శుక్రవారం పెద్దసార్ వచ్చిండు. జైలు ప్రైవేటుకు ఇయ్యొద్దని వార్డర్లందరం సంతకాలు పెట్టిన దరఖాస్తు నేనే ఇచ్చిన.

"మీ ఉద్యోగాలకేం ఢోకా లేదమ్మా," అన్నడాయన.

"మా ఉద్యోగాల ముచ్చట కాదు సార్. కోర్టు ఇడిచిపెట్టుమంటే ఆపేటోళ్లకు తాళాలియ్యకుండ్రి," అని రిజిస్టర్ తెరిచి, జైలర్ సంతకం పడని ఆ బుధవారం రాత చూపిచ్చిన.

ఆయన రెండుసార్లు చదివిండు.

నెలకు ప్రైవేటు ఫైలు పక్కన పెట్టిండ్రని తెలిసింది. రద్దు చేసినమని ఎవ్వరనలే. నాకు మాత్రం ఎంబడే మెమో వచ్చింది: కంపెనీ నుంచి వచ్చిన అతిథితో అమర్యాదగ మాట్లాడిననట. ఆ అతిథి ఏ సెక్షన్ కింద జైలుకు వచ్చిండో తెలుపగలరని జవాబు రాసిన.

ఇంకా తెలుపలేదు.